కోస్టారికా కాగితం

సెలవిస్తామన్న నెలలోనే మదార్బీని కోస్టారికాకు తీసుకుపోతామన్నారు. మదామ్ ఆ మాట వంటింటి గుమ్మంలో నిలబడి, పండక్కి కొత్త బట్టలు పెట్టేదానిలా నవ్వుతూ చెప్పింది. గట్టు దగ్గర ఖర్జూరాల్లోంచి గింజలు తీస్తున్న మదార్బీ చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి.

"అక్కడ రోజూ వాన పడుతుందంట. కొండలు, అడవులు, ఎటు చూసినా పచ్చగా ఉంటుందంట. ఎవరికి దొరుకుతుంది ఇట్లాంటి అదృష్టం!" అంది మదామ్.

"నా కూతురి పురుడు జూలై ఆఖరికి, మదామ్. సెలవిస్తానని బాబా రంజాన్‌లోనే చెప్పారు."

"తొలిచూలు ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది. ఆగస్టు మొదట్లో తిరిగొస్తాం కదా, రాగానే పోదువుగాని. నువ్వు లేకుండా మా అత్తగారు అంత దూరం ఎట్లా వస్తుంది? నువ్వే చెప్పు."

చెప్పమన్నది గానీ జవాబు కోసం ఆగలేదు. పిల్లలకు వానకోట్లు ఎక్కడ దొరుకుతాయో ఫోన్‌లో ఎవరినో అడుగుతూ లోపలికి వెళ్ళిపోయింది.

మదార్బీ సౌదీలో, హుఫూఫ్‌లోని ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తూ ఉంది. యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మదామ్ అనీ, ఆయన తల్లిని పెద్ద మామా అనీ పిలుస్తుంది. పెద్ద మామాకు ఎనభై దగ్గరికొచ్చాయి. చక్కెర జబ్బు, అరిగిపోయిన మోకాళ్ళు. ఆమె స్నానం, సూదిమందు, నడక అన్నీ మదార్బీ చేతుల మీదే నడుస్తాయి. రెండేళ్ళ కింద కంటి ఆపరేషన్‌కు అమెరికా పోయినప్పుడు కూడా వెంట పోయింది మదార్బీయే. అమెరికాలో ఆమె చూసింది ఒక ఆసుపత్రి గది, ఒక హోటలు గది, రెండింటి మధ్య ఒక లిఫ్టు.

మరుసటి రోజు సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక అందరూ ట్రావెల్ ఆఫీసుకు బయల్దేరారు. బాబా నేరుగా తన పని నుంచి వస్తానన్నాడు. పెద్ద కారులో మదామ్, ఇద్దరు పిల్లలు, పెద్ద మామా, ముందు సీట్లో మదార్బీ. బండి నడిపే అంజన్నది జగిత్యాల దగ్గర పల్లె.

"నీ రాత మారిందే అక్కా!" అన్నాడు అంజన్న, వెనకవాళ్ళకు అర్థం కాదన్న ధైర్యంతో. "మా దిక్కు పోరగాళ్ళు దుబాయి జూసొస్తెనే మీసం దిప్పుతరు. నువ్వు గా కోస్టారికానో ఏందో పోతున్నవ్."

"నా బదులు నువ్వు పో అంజన్నా."

"నేను బోతె పెద్ద మామాకు తానం ఎవలు జేపిస్తరు మల్ల?" అని నవ్వాడు. పక్కకు తిరిగి మదార్బీ ముఖం చూశాక నవ్వు ఆపి, ఏసీ కొంచెం పెంచి, రోడ్డు చూసుకుంటూ పోయాడు.

ఆ ఆఫీసులో టికెట్లు కొనేవాళ్ళంతా నబీ రసూల్ కోసమే వచ్చేవారు. రాయచోటి మనిషి. పదహారేళ్ళుగా ఆ కౌంటర్ దగ్గరే కూర్చున్నాడు. తాను ఏ దేశమూ చూడలేదు గానీ, చూసొచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, అరబ్బు కాఫీ కహ్వా పోసి, "నేను మీకు చెప్పకుండా వదిలేసింది ఏముంది?" అని అడిగేవాడు. వాళ్ళు చెప్పింది పొడుగాటి పుస్తకంలో రాసుకునేవాడు. తర్వాత పోయేవాళ్ళకు టికెట్‌తో పాటు ఆ దేశం కాగితం ఒకటి చేతికిచ్చేవాడు. ఏం కట్టుకోవాలి, ఏం తినకూడదు, ఎక్కడ మోసపోతారు, అన్నీ అందులో ఉంటాయి.

ఆ పనిలో ఇక సౌదీవాళ్ళే ఉండాలని రూలు రావడంతో ఇప్పుడు ఆ కుర్చీలో అబీర్ అనే సౌదీ అమ్మాయి కూర్చుని ఉంది. చేరి మూడు వారాలైందట. నబీ రసూల్ ఆమె వెనకాల, ఫైళ్ళ గదికి కట్టిన తెర పక్కన నిలబడి ఉన్నాడు. బాబా అడిగిన ప్రతిదానికీ అబీర్ కొంచెం తల వెనక్కి తిప్పేది. అతను మెల్లగా చెప్పేవాడు. ఆ పిల్ల అదే మాట మళ్ళీ పైకి చెప్పేది.

"ఒకే మాట రెండుసార్లు వినడానికి వచ్చామా? ముందుకు వచ్చి చెప్పు నబీ" అన్నాడు బాబా.

నబీ రసూల్ ముందుకు వచ్చాడు. ఖాళీగా ఇంకో కుర్చీ ఉన్నా కూర్చోలేదు. దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు.

"మామూలుగా ఈ నెలల్లో అక్కడికి పోవద్దంటారు, వానలని. మనవాళ్ళు పోయేదే వాన కోసం కాబట్టి నేను పొమ్మనే చెప్తాను. వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాక పడుతుంది. తిరుగుళ్ళన్నీ పొద్దున పెట్టుకోండి. గాలికి గొడుగులు నిలవవు, తలమీద నుంచి వేసుకునే కోట్లు తీసుకోండి. ఇళ్ళకు నంబర్లు వెతకొద్దు. చర్చికి ఉత్తరాన రెండు వందల మీటర్లు, ఎర్ర గోడ పక్కన, ఇట్లా ఉంటాయి చిరునామాలు. ఫోన్‌ను కాదు, మనిషిని అడగండి."

"మా నాన్న కాలంలో ఇక్కడా అంతే" అని నవ్వాడు బాబా.

"తిరుగు టికెట్ కాగితం మీద చేతిలో ఉండాలి. అది చూపకపోతే విమానమే ఎక్కనివ్వరు. పెద్దావిడ సూదిమందు చేతిలో ఉంచుకునే సంచిలో, డాక్టరు చీటీతో సహా ఉంచండి. బాత్రూముల్లో నీళ్ళ గొట్టాలుండవు, మనిషికో ప్లాస్టిక్ చెంబు పెట్టుకోండి..."

పిల్లలు కిసుక్కుమన్నారు. అదే సమయానికి గాజు తలుపు తోసుకుని, మెడలో కార్డు వేసుకున్న ఒకాయన లోపలికొచ్చాడు. కార్మిక శాఖ మనిషి. ఆయన రెండో అడుగు వేసేలోపల నబీ రసూల్ చెయ్యి కుర్చీ మీద లేదు. తెర వెనక నుంచి ట్రేతో వచ్చి, అందరి ముందూ గ్లాసులు పెట్టడం మొదలుపెట్టాడు. అబీర్ వెన్ను నిటారుగా పెట్టి కంప్యూటర్ వైపు చూసింది.

"నీ పనేంటి?" అన్నాడు ఆయన.

"చాయ్, సార్."

ఆయన అతని నివాస కార్డు, ఇఖామా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చాయ్ పొయ్యి మరి."

నబీ రసూల్ ఆయనకే మొదట పోశాడు. పుదీనా ఆకు గ్లాసులో వేసి, ఒక్క చుక్క కింద పడకుండా, పైనుంచి సన్నటి ధారగా. తర్వాత బాబాకు, మదామ్‌కు, పెద్ద మామాకు పోశాడు. మదార్బీ దగ్గరికి వచ్చాక ఆమెకూ పోశాడు. పదహారేళ్ళు ఆ కౌంటర్ నడిపిన మనిషి తనకు చాయ్ పోస్తుంటే ఎక్కడ చూడాలో తెలియక ఆమె తన చెప్పుల వైపు చూసుకుంది. వచ్చినాయన గ్లాసు ఖాళీ చేసి, గోడ మీద కాగితాలకు ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.

"సముద్రంలో పిల్లల్ని నడుము లోతు దాటనివ్వొద్దు, లోపలికి లాగుతుంది" అన్నాడు నబీ రసూల్ ట్రే పక్కన పెడుతూ, మధ్యలో ఏమీ జరగనట్టు.

అన్నీ అయ్యాక మదామ్ పాస్‌పోర్టుల కట్ట బల్ల మీద పెట్టింది. అతను దాన్ని కట్టగా తీసుకోడు. అది అతని పద్ధతి. ఎవరిది వాళ్ళ చేతికిచ్చి, తెరిపించి, పేరూ తేదీ వాళ్ళ నోటితోనే చదివిస్తాడు. పిల్లలు చదివారు. పెద్ద మామాది మనవడు చదివాడు. మదార్బీ చేతికి ఆమె పాస్‌పోర్టు రెండేళ్ళ తర్వాత వచ్చింది. అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చు ఆమెకు.

"మూడు... పన్నెండు... రెండువేల పద్దెనిమిది" అంది తెలుగులో.

నబీ రసూల్ ఆ పేజీ వైపు ఒకసారి చూశాడు. కోస్టారికా కాగితం ఆమె ముందు పరిచి, వానకోట్ల దగ్గర వేలు పెట్టి, అదే గొంతుతో తెలుగులో మాట్లాడాడు.

"ముఖం అట్లనే పెట్టుకో అక్కా. కోట్ల గురించి చెప్తాండానని అనుకుంటారు. ఆరు నెలల గడువు లేకుంటే నిన్ను ఆ విమానం ఎక్కనీరు. నీకు ఐదు నెలలు గూడా లేదు. మనూరు పోయేదానికైతే ఇది చాలు, ఆడికి పోయినాక కొత్తది తీసుకోవచ్చు."

మదార్బీ కాగితం వైపే చూస్తూ, "మరి వీళ్ళకు చెప్పవా?" అంది.

"ఈపొద్దు చెప్తే రియాద్ పంపించి రెండు వారాల్లో కొత్త పాస్‌పోర్టు చేపిస్తారు. నువ్వు ఆ వానలోకి పోతావు. ఆఖర్న చెప్తే టైము ఉండదు, నువ్వు ఇంటికి పోతావు." వేలు కాగితం మీద కిందికి జరిగింది. "పాపకు కాన్పు ఎప్పుడు?"

మదార్బీ తలెత్తి చూసింది. "నీకెట్ల తెలుసు?"

"అంజన్న చెప్పినాడులే. గురువారం దాకా నేను బుకింగ్ ఆపగలను. ఏది చెయ్యాల్నో నువ్వే చెప్పు."

"ఆఖర్న తెలిస్తే నిన్నేమీ అనరా నాయనా?"

"అంటారు. చూసుకోలేదని అంటారు." అతను కొంచెం నవ్వాడు. "నా పాసింజరు ఒక్కరు గూడా ఎయిర్‌పోర్టు నుంచి ఎనక్కి రాలేదక్కా, ఇన్నేండ్లలో. తలకింతని ఈ సర్కారేసిన లెవీ కట్టలేక ఇంట్లోవాళ్ళను పోయిన ఏడే ఊరికి పంపించేస్తి. ఈ కుర్చీ పాయె. ఇంగ ఆ పేరొకటి పోతే పోనీ."

"ఏమంటున్నాడు?" అంది మదామ్.

"కోటు నా కొలతకు కూడా కొనమంటున్నాడు, మదామ్" అంది మదార్బీ.

బుధవారం పొద్దున పెద్ద మామాను కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ళకు నూనె రాస్తూ ఉంటే కూతురు జబీ ఫోన్ చేసింది. మదార్బీ ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"అమా, టికెట్ తీసినారా?"

"చూస్తాండారు."

"చూస్తాండారంటే? మా అత్త రోజూ అడుగుతాంది. పురిటికి మీ అమ్మ రాకపోతే ఈడ్నే ఉండు, ఆసుపత్రికి నేనే పిల్చుకపోతా అంటాంది. నాకు ఆడ్నే, మనింట్లోనే కావాలమా. కాళ్ళు ఎట్ల ఉబ్బినాయో తెలుసునా."

"ఉప్పు తగ్గించు. కాళ్ళ కింద దిండు పెట్టుకో."

"దిండు కాదు, నువ్వు రా."

ఫోన్ పెట్టేశాక మదార్బీ మళ్ళీ నూనె గిన్నె తీసుకుంది.

"అదే కాలికి రెండోసారి రాస్తున్నావు" అంది పెద్ద మామా.

మదార్బీ చెయ్యి ఆపింది. రాత్రంతా లెక్క వేసుకుంది. నోరు మూసుకుంటే చాలు. ఏ తప్పూ తనది కాదు. పాస్‌పోర్టు బాబా పెట్టెలో ఉంటుంది, తేదీ చూసుకోవాల్సింది బాబా. కానీ ఆఖరి రోజున బాబా ఆ ఆఫీసు తలుపు తోసుకుని వెళ్ళడం, తెర పక్కన నిలబడిన మనిషి తలొంచుకోవడం ఆమె కళ్ళకు కట్టినట్టు కనిపించింది. మొన్న తన ముందు గ్లాసు పెట్టిన చెయ్యి గుర్తుకొచ్చింది. పెద్ద మామా రెండో కాలు తన ఒళ్ళోకి తీసుకుని, ఉన్నదంతా చెప్పేసింది. ఆరు నెలల సంగతి, రెండు వారాల సంగతి, జబీ సంగతి, అన్నీ. నబీ రసూల్ గురువారం దాకా ఆపుతానన్నది కూడా దాచలేదు.

పెద్ద మామా అంతా విన్నది. ఆమెకు కళ్ళు ఆపరేషన్ తర్వాత బాగా కనిపిస్తాయి. మదార్బీ ముఖం మీదే చూపు పెట్టింది.

"ఆ పుస్తకం పెట్టుకుని మీ దేశం పోవచ్చా?"

"పోవచ్చు, మామా."

"నా సబ్బు పెట్టెలో పెట్టావా? ఆ దేశం సబ్బు నా ఒంటికి పడదు."

"పెట్టాను."

అంతే. మదార్బీ నూనె చేతులు తుడుచుకుని లేచింది. పెద్దవాళ్ళకు అంతకంటే ఏం పట్టింది అనుకుంది. కన్నీళ్ళు రాలేదు, విసుగొచ్చింది. స్నానాల గదిలోకి పోయి, వేన్నీళ్ళు పట్టి, పీట వేసింది. తొమ్మిదేళ్ళలో పెద్ద మామా ఆ పీట మీద వేరే ఎవరి చేతినీ ఒంటి మీద పడనివ్వలేదు. కోడలు ఒకసారి వస్తే సిగ్గని కసిరి పంపేసింది.

గురువారం పొద్దున మదార్బీ నబీ రసూల్‌కు ఫోన్ చేసింది.

"చెప్పేయ్ తమ్ముడా. ఈపొద్దే చెప్పేయ్."

"బాగా ఆలోచించినావా అక్కా? రెండు వారాలంటే నీ పాప..."

"నీ పేరు పోగొట్టి నేను పురుడు పోసేది వద్దు. చెప్పేయ్."

శుక్రవారం నమాజు నుంచి వచ్చి అందరూ భోజనానికి కూర్చున్నారు. మదార్బీ మధ్యలో అన్నం పళ్ళెం పెట్టి, పెద్ద మామాకు విడిగా గిన్నెలో మెత్తగా కలిపి చేతికిచ్చింది. బాబా మాంసం ముక్క విడదీస్తూ, "మదార్బీ, ఆదివారం అంజన్న నిన్ను రియాద్ తీసుకుపోతాడు. నీ పాస్‌పోర్టు కొత్తది చేయించాలంట. నబీ ఫోన్ చేశాడు. మంచిదయింది, ముందే చూశాడు" అన్నాడు.

"అలాగే బాబా."

"ఎందుకు కొత్తది?" అంది పెద్ద మామా.

"ఆ పాత దానితో కోస్టారికాకు పోనివ్వరమ్మా. గడువు చాలదు."

"హిందుస్తాన్‌కు పోనిస్తారా?"

బాబా తినడం ఆపలేదు. "అక్కడికి పోనిస్తారు. అయినా మనం పోయేది..."

"పోనిచ్చే చోటికే పంపు."

మదామ్ చేతిలో గ్లాసు నోటి దాకా పోకుండా ఆగింది. పిల్లవాడు నాయనమ్మ వైపు చూశాడు. మదార్బీ పళ్ళెం అంచు తుడుస్తూ అక్కడే ఉండిపోయింది.

"అమ్మా, రెండు వారాల పనే కదా. కాగితం కొత్తది వచ్చేస్తుంది" అన్నాడు బాబా.

"కాగితం ఒప్పుకోకపోతే కొత్తది చేయిస్తావు. రంజాన్‌లో నువ్వు ఈమెకు మాటిచ్చినప్పుడు నేను ఇదే చోట కూర్చుని ఉన్నాను. ఆ మాట పోతే కొత్తది ఎక్కడ చేయిస్తావు?"

ఆమె గొంతు పెంచలేదు. గిన్నెలోంచి ఇంకో ముద్ద తీసుకుని నెమ్మదిగా నమిలింది. బాబా చెవులు ఎర్రబడ్డాయి.

"మరి మీ సంగతి?" అంది మదామ్. "అంత దూరం, మూడు వారాలు... మీ స్నానం, మీ సూది, ఎవరు చేస్తారు అత్తా?"

"నీకు చేతులు లేవా?"

"మీరే నన్ను రానివ్వరు కదా!"

"ఇప్పుడు రానిస్తాను" అంది పెద్ద మామా. అనేసి, ఎవరి వైపూ చూడకుండా, నీళ్ళు ఇమ్మని మదార్బీకి చెయ్యి చాపింది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమయిందో మదార్బీకి ఒక్కదానికే తెలుసు.

బాబా చేతులు కడుక్కుని వచ్చి సోఫాలో కూర్చుని ఫోన్ తీశాడు. ఆ కాలంలో సెలవు కాగితాలన్నీ యజమాని ఫోన్‌లోనే అయిపోయేవి. రెండు మూడుసార్లు అద్దం మీద నొక్కాడు.

"రెండు నెలల్లో తిరిగొచ్చేట్టు రీ-ఎంట్రీ తీశాను. టికెట్ బెంగళూరుకేనా?"

"బెంగళూరుకే బాబా. అక్కడి నుంచి కదిరి బస్సు ఉంటుంది."

"ఊఁ" అన్నాడు బాబా. ఆ ఊఁలో కోపమూ ఉంది, ఏదో దిగిపోయిన తేలికా ఉంది.

సాయంత్రం జబీకి చెప్తే ఆ పిల్ల ఏడ్చింది. ఎందుకేడుస్తావే అని తిడుతూ మదార్బీ కూడా ముక్కు తుడుచుకుంది.

శనివారం పొద్దున వేన్నీళ్ళు పట్టింది మదార్బీయే. మదామ్ వచ్చింది. గాజులు తీసి బయట పెట్టి, గౌను చేతులు మోచేతుల పైకి మడుచుకుంది. గుమ్మంలో ఒక నిమిషం అట్లాగే నిలబడింది. తన ఇంట్లోనే ఆ గదిలోకి ఆమె రావడం అరుదు. ఏ కుళాయి ఎటు తిప్పాలో కూడా సరిగా తెలియదు. పెద్ద మామా పీట మీద కూర్చుని, ఒంటికి చుట్టుకున్న గుడ్డను రెండు చేతులతో పట్టుకుని, గోడ వైపు చూస్తూ ఉంది.

మదార్బీ అలవాటుగా చెంబు అందుకోబోయింది. పెద్ద మామా తల అడ్డంగా ఊపింది. మదార్బీ చెంబును మదామ్ చేతికిచ్చి, తలుపు పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

మదామ్ నీళ్ళు ముంచి నేరుగా భుజాల మీద పోసింది.

"కాల్చి చంపుతావా!" అని అరిచింది పెద్ద మామా.

"ముందు పాదాల మీద పొయ్యండి మదామ్" అంది మదార్బీ. "తర్వాత మోకాళ్ళు. ఒంటికి వేడి అలవాటయ్యాక భుజాలు. పోసే ముందు మీ మణికట్టు మీద చూసుకోండి. అక్కడి హోటల్లో కుళాయిని నమ్మొద్దు, బకెట్‌లో పట్టుకుని కలుపుకోండి."

మదామ్ మణికట్టు మీద చూసుకుంది. చల్లనీళ్ళు కలిపింది. పాదాల మీద పోసింది. పెద్ద మామా ఈసారి అరవలేదు. కాలి వేళ్ళ సందుల్లో తడి మిగలకూడదని, చక్కెర జబ్బు కాళ్ళకు చిన్న పుండైనా పెద్దదవుతుందని మదార్బీ చెప్తూ పోయింది. దాహం లేదంటుంది, నమ్మకుండా నీళ్ళు తాగించాలి. విమానంలో గంటకోసారి లేపి నడిపించాలి. మదామ్ తల ఊపుతూ, మోకాళ్ళ మీద వంగి, అత్తగారి కాలి వేళ్ళను ఒక్కొక్కటిగా తుడిచింది. ఆమె జుట్టు తడిసి చెంపకు అంటుకుంది. ఊపిరి ఎగపోస్తూ తలెత్తింది.

"తర్వాత?" అంది.

"వీపు, మదామ్" అంది మదార్బీ, లేవకుండా.